పాదసూచిక 14

పోర్ట్ ఆర్థర్‌లో మార్చి
నాకు నివేదిక నెల.
కిటికీ అవతల మంట గొట్టం,
ఇవతల నేను, ఎక్సెల్ షీటు,
చల్లారిన కాఫీ.

మొదటి పరిధి: మేం కాల్చింది.
రెండో పరిధి: మా కరెంటు కోసం ఇంకెవరో కాల్చింది.
మూడో పరిధి: మా దగ్గర కొన్నవాళ్ళు కాల్చేది.
దానికి గడి ఉంది, అంకె లేదు.
"పద్ధతి ఇంకా పరిశీలనలో ఉంది" అని
నాలుగేళ్ళుగా అదే వాక్యం అతికిస్తున్నాను.
సారా అమ్మినవాడు తూలిపడడు కదా.

ఆధార సంవత్సరం ఎంచడం ఒక విద్య.
రెండు పాత బాయిలర్లు
ఆఖరిసారి దగ్గిన ఏడు మాది.
బరువు తగ్గామని చెప్పుకోవాలంటే
పెళ్ళిభోజనం చేసిన మర్నాడే
మొదటిసారి తూకమెక్కాలి.

పీపాకి ఇంత అని లెక్కవేస్తే గీత కిందికి దిగుతుంది.
పీపాలు పెరిగాయి, అది వేరే పట్టిక.
అబద్ధం ఒక్కటీ లేదు.
కాకిలెక్కలు కావివి,
ఏ కాకీ ఇంత శ్రద్ధగా లెక్కపెట్టదు.

ఏప్రిల్లో లైబ్రరీ హాల్లో సమావేశం.
డోనట్ల పెట్టెలు మూడు, మనుషులు పదకొండు మంది.
వెస్ట్ సైడ్ నుంచి ఒడెస్సా గిల్లరీ వచ్చింది
చంకలో చుట్టిన క్యాలెండర్‌తో,
అంత్యక్రియలు జరిపించే సంస్థ
ఏటా ఉచితంగా పంచేది.
మంట ఎగసిన రాత్రికి ఎర్ర చుక్క.
మునిమనవడికి ఇన్‌హేలర్ పట్టిన రాత్రికి నీలం చుక్క.
కొన్ని గడుల్లో రెండూ.
ఆగస్టు తుఫాను వారంలో
తేదీలే కనపడనంత ఎరుపు.

ఆ వారానికి నా దగ్గరున్నది ఒకే అంకె,
పక్కన "అంచనా" అని.
మీటరుకి కరెంటు పోయింది.

స్లైడు మీద 2050 ఆకుపచ్చగా వెలుగుతోంది.
నెట్ జీరో.
నడుమ 2030లో ఒక మజిలీ ఉండేది,
కిందటేడు దాన్ని "పునఃసమీక్షించాం".
ఒడెస్సా కళ్ళజోడు సవరించుకుంది.
"అప్పటికి నాకు నూట రెండేళ్ళు.
ఎవరికిస్తున్నారమ్మా ఈ మాట?"

ఎందుకో తెనాలిలో, మా బడి సందులో
గుండా పాపయ్యశెట్టి కొట్టు గుర్తొచ్చింది.
బెల్లం డబ్బా నెత్తిన అట్టముక్క:
అరువు రేపు.
ఏ రోజు వెళ్ళినా ఆ అట్ట నిజమే చెప్పేది.
రెండో తరగతిలో నేను నమ్మి
నిజంగానే మర్నాడు వెళ్ళాను.
ఆయన నవ్వలేదు, కసరలేదు,
చూపుడువేలు పైకెత్తాడంతే.

"నమోదు చేసుకుంటామండీ" అన్నాను ఒడెస్సాతో.
అదీ వేలెత్తడమేనని
కారెక్కాక గానీ తెలియలేదు.

క్యాలెండర్ ఫొటోలు తీసుకోనిచ్చింది.
రాత్రి కూర్చుని ఎర్ర చుక్కలు లెక్కపెట్టాను, నలభై ఏడు.
తప్పేమోనని మళ్ళీ లెక్కపెట్టాను.
మా నివేదికలో సంఘటనలు పంతొమ్మిది.
తక్కిన ఇరవై ఎనిమిది రాత్రులూ
రూల్లో రాసిన పరిమాణానికి
కాస్త తక్కువగా కాలి ఉంటాయి.

ఏడో పట్టిక కింద
చీమ తలకాయంత అక్షరాల్లో
పాదసూచిక 14 చేర్చాను:
"స్థానికంగా రాసుకున్న ఒక లెక్క ప్రకారం
ఈ సంఖ్య నలభై ఏడు."

లీగల్ వాళ్ళు కొట్టేస్తారు.
మళ్ళీ రాస్తాను.
రాస్తానో లేదో. ఇంటి వాయిదా ఉంది,
వీసా కాగితం మీద ఇదే కంపెనీ పేరుంది.

ఇవాళ మంగళవారం.
సాయంత్రం ఏడింటికి కిటికీ అద్దం నారింజ రంగుకి తిరిగింది.
గోడమీద కంపెనీ క్యాలెండర్,
నెలకో కొంగ బొమ్మ.
ఎర్ర పెన్ను కోసం డ్రాయరంతా వెతికాను.
నీలమే దొరికింది.